కట్టని వాళ్లెవరు? సబ్‌క్వెరీ పక్షాన నా వాదన

ఈ ఏడాది ఒక్కసారి కూడా ఫీజు కట్టని విద్యార్థుల జాబితా కావాలని ఒక కళాశాల అకౌంట్స్ విభాగం మమ్మల్ని అడిగింది. మా బృందంలో చేరి ఏడాది కూడా నిండని ఒక కుర్రవాడు దానికి ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాషలో క్వెరీ, అంటే ప్రశ్న, రాశాడు. విద్యార్థుల టేబుల్ నుంచి పేరు, బ్రాంచి తీసుకున్నాడు. షరతు దగ్గర లోపల ఇంకో చిన్న సెలెక్ట్ (వరుసలు తెమ్మనే ఆజ్ఞ), అంటే సబ్‌క్వెరీ, పెట్టి, ఆ విద్యార్థి నంబరుతో రసీదుల టేబుల్‌లో ఒక్క వరుస కూడా లేకపోతేనే పేరు ఇవ్వమన్నాడు. అదే నాట్ ఎగ్జిస్ట్స్. పైకి చదివితే అకౌంట్స్ వాళ్లు అడిగిన వాక్యమే మళ్లీ వినిపిస్తుంది.

సాయంత్రానికి ఆ క్వెరీ మారిపోయింది. సమీక్షించినవారు "సబ్‌క్వెరీలు వద్దు, జాయిన్‌గా మార్చండి" అని ఒక్క ముక్క రాసి పంపారు. రెండు టేబుళ్ల వరుసలను జత కలపడమే జాయిన్. కుర్రవాడు జత దొరకని విద్యార్థినీ ఉంచే లెఫ్ట్ జాయిన్ రాసి, కింద రసీదు వైపు నల్ (విలువ లేదన్న గుర్తు) ఉన్నవే రావాలన్న షరతు పెట్టి, పైన ఎందుకైనా మంచిదని ఒకేలా ఉన్న వరుసలను ఒకటిగా చేసే డిస్టింక్ట్ తగిలించాడు. ఎందుకు మార్చావని అడిగాను. "సబ్‌క్వెరీ నెమ్మది కదా మేడమ్" అన్నాడు. కొలిచి చూశావా అంటే తల అడ్డంగా ఊపాడు.

కొత్త క్వెరీ ఫలితంలో ఒక పేరు తగ్గింది. ఒకే బ్రాంచిలో ఇద్దరు సాయికిరణ్‌లు ఉన్నారు, ఇద్దరూ ఫీజు కట్టలేదు. పేరూ బ్రాంచీ ఒకటే కాబట్టి డిస్టింక్ట్ ఆ ఇద్దరినీ ఒక్కరిగా చేసేసింది. నిజానికి ఆ లెఫ్ట్ జాయిన్‌కు డిస్టింక్ట్ అవసరమే లేదు. రసీదు లేని విద్యార్థి అందులో ఎలాగూ ఒక్కసారే వస్తాడు. జాయిన్ అంటే వరుసలు రెట్టింపవుతాయన్న భయంతో పెట్టిన డిస్టింక్ట్ అది. మొదటి క్వెరీలో ఆ భయానికి చోటే లేదు.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో నాకూ సబ్‌క్వెరీ వద్దన్న ఇదే సూత్రం నేర్పారు. ఆ తర్వాత నేను కూడా చాలామందికి దాన్నే అప్పగించాను. ఇప్పుడు అది తప్పని నమ్ముతున్నాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. జాయిన్ చేతకానివాళ్లకు ఊతకర్రగా సబ్‌క్వెరీని చూడటం అన్యాయం. ఉందా లేదా అని మాత్రమే తెలుసుకోవలసిన ప్రతిచోటా సరైన రూపం అదే. దాన్ని చేత్తో జాయిన్‌గా మార్చినప్పుడు వేగం వస్తుందో రాదో గానీ, అడిగిన ప్రశ్న మాత్రం తరచుగా మారిపోతుంది.

జాయిన్ చేసే పని జత కలపడం. ఒక విద్యార్థికి మూడు రసీదులుంటే మూడు జతలు పుడతాయి. రెండు వైపుల సమాచారమూ మనకు కావాలంటే అంతకన్నా మంచి సాధనం లేదు. ఎగ్జిస్ట్స్ జత కలపదు. ఒక్కో విద్యార్థినీ నిలబెట్టి "నీ పేరిట రసీదు ఉందా?" అని అడుగుతుంది. ఒకటి కనబడగానే చాలు, మిగతావి వెతకదు. ఎన్ని రసీదులున్నా విద్యార్థి ఒక్కడే బయటికి వస్తాడు. డేటాబేస్ పరిభాషలో దీన్ని సెమీ జాయిన్ అనీ, లేనివాళ్లను ఏరడాన్ని యాంటీ జాయిన్ అనీ అంటారు. ప్రామాణిక ఎస్‌క్యూఎల్‌లో ఈ రెండింటికీ విడిగా కీవర్డులు లేవు. ఇన్ (జాబితాలో ఉందా అని చూసేది), ఎగ్జిస్ట్స్ అనే సబ్‌క్వెరీ రూపాలే వాటికి నేరు దారి.

తెలుగు మాట్లాడేవాళ్లకు ఈ తేడా చిన్నప్పటి నుంచీ తెలిసినదే. "ఫీజు కట్టిన విద్యార్థులు" అంటాం. మూడు వాయిదాలుగా కట్టిన అమ్మాయి ఆ మాటలో మూడుసార్లు రాదు. వ్యాకరణంలో క్రియాజన్య విశేషణం అని చదువుకున్న ఆ "కట్టిన" అనే మాట విద్యార్థుల గుంపును జల్లెడ పడుతుందే గానీ పెంచదు. "కట్టని" అన్నామంటే నాట్ ఎగ్జిస్ట్స్ మొత్తం ఆ ఒక్క మాటలో ఇమిడిపోయింది. శిక్షణ తరగతుల్లో నేను ఇప్పుడు ముందుగా చెప్పేది ఇదే. అడిగినవాళ్ల వాక్యాన్ని తెలుగులో రాసుకోండి. టేబుల్ పేరు "కట్టిన", "చదివే", "తీసుకోని" లాంటి మాట వెనకాలే దాక్కుని ఉంటే అది సబ్‌క్వెరీలోకి వెళ్లాలి. దాని నుంచి తేదీయో మొత్తమో చూపించమన్నారంటే అప్పుడు జాయిన్. పిల్లలు దీన్ని పది నిమిషాల్లో పట్టుకుంటారు. వెన్ బొమ్మలు గీసి గంటసేపు చెప్పినా నాకు ఆ ఫలితం రాలేదు.

ఎస్‌క్యూఎల్ పుట్టిన తీరు చూసినా సబ్‌క్వెరీ తర్వాత వచ్చి చేరినది కాదు. ఐబీఎమ్‌లో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ 1970లో డేటాను టేబుళ్లుగా చూసే రిలేషనల్ నమూనాను ప్రకటించాడు. గణితం తెలిసినవాళ్లకు అది అందంగానే ఉంది గానీ మిగతావాళ్లకు కొరుకుడు పడలేదు. అదే సంస్థలోని డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ 1974లో సీక్వెల్ అనే భాషను ప్రతిపాదించారు. స్ట్రక్చర్డ్ ఇంగ్లిష్ క్వెరీ లాంగ్వేజ్ అన్నది దాని పూర్తి పేరు. ట్రేడ్‌మార్కు ఇబ్బంది వల్ల తర్వాత అది ఎస్‌క్యూఎల్ అయింది. ప్రోగ్రామర్లు కానివాళ్లు, అకౌంటెంట్లూ ఇంజనీర్లూ కూడా డేటాబేస్‌ను ప్రశ్నించగలగాలన్నది వాళ్ల ఆశ. అందుకు వాళ్లు ఎంచుకున్న మార్గం ఏమిటంటే, సెలెక్ట్ (ఏం కావాలి), ఫ్రమ్ (ఏ టేబుల్ నుంచి), వేర్ (ఏ షరతుతో) కలిసిన ఒక దిమ్మె ఇచ్చిన జవాబును ఇంకో దిమ్మెలో నేరుగా పెట్టగలగడం. ప్రశ్నలో ప్రశ్న. ఆ ఏడాదే బాయ్స్ చిన్న వయసులో చనిపోయాడు. తన ఆలోచన ప్రపంచమంతా వ్యాపించడం ఆయన చూడలేదు. ఆ ఆలోచన గుండెకాయనే ఇప్పుడు మనం సమీక్షల్లో కొట్టేస్తున్నాం.

మరి నెమ్మది అనే పేరు ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే రాలేదు, దానికి చరిత్ర ఉంది. మన దగ్గర వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకున్న తరం ఎక్కువగా మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో మొదలుపెట్టింది. అందులో 4.1 వచ్చేదాకా సబ్‌క్వెరీలే లేవు. ఆ వెర్షన్ 2004లో స్థిరపడింది. అంతకుముందు రాసిన పుస్తకాలూ పాఠాలూ అన్నీ సబ్‌క్వెరీని జాయిన్‌గా మార్చుకోవడం ఎలాగో నేర్పాయి, గత్యంతరం లేక. తీరా వచ్చాక అవి నిజంగానే నత్తనడక నడిచాయి. ఇన్‌తో రాసిన స్వతంత్రమైన సబ్‌క్వెరీని కూడా ఆ కాలపు ఆప్టిమైజర్ (క్వెరీని నడిపే దారిని ఎంచుకునే భాగం) బయటి వరుస మీద ఆధారపడే ఎగ్జిస్ట్స్‌గా మార్చుకునేది. లోపలి క్వెరీ ఇరవై నంబర్లు మాత్రమే ఇస్తుందనుకుందాం. ఆ ఇరవైని ముందు తెచ్చుకుని బయటి టేబుల్‌లో ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టుకున్న సూచిక) మీద వెతకడం తెలివైన పని. అది మాత్రం బయట ఉన్న పది లక్షల వరుసల్లో ఒక్కోదాన్నీ తీసి, ఒక్కోదానికీ లోపలి క్వెరీని నడిపేది. రాత్రి పదకొండు గంటలకు సర్వర్ మూలుగుతుంటే అలాంటి క్వెరీని జాయిన్‌గా మార్చి, అది రెండు సెకన్లలో పూర్తవడం చూసిన మనిషికి సబ్‌క్వెరీ మీద జీవితాంతం అనుమానం మిగిలిపోవడం సహజం.

కానీ 2013లో వచ్చిన 5.6 వెర్షన్‌తో మైఎస్‌క్యూఎల్ ఇన్ సబ్‌క్వెరీలను సెమీ జాయిన్‌గా గుర్తించడం నేర్చుకుంది. అంతకు ఏడాది ముందే దాని నుంచి పుట్టిన మరియాడీబీ ఆ పని చేసింది. మైఎస్‌క్యూఎల్ 8.0 వరుసలో నాట్ ఎగ్జిస్ట్స్‌ను యాంటీ జాయిన్‌గా మార్చడమూ వచ్చింది. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్ అనే వేరే డేటాబేస్‌లు ఈ విద్యలో అంతకన్నా పాత కాపులు. ఈరోజు ఏ పోస్ట్‌గ్రెస్ మీదనైనా నాట్ ఎగ్జిస్ట్స్ రాసి ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీని ఎలా నడుపుతుందో చూపే ఆజ్ఞ) అడగండి. ప్లానులో హ్యాష్ యాంటీ జాయిన్ అన్న మాట కనబడటమే మామూలు. మా కుర్రవాడి రెండు క్వెరీలకూ నేను పక్కనే కూర్చుని ఎక్స్‌ప్లెయిన్ తీయించాను. రెండింటికీ ఒకే యాంటీ జాయిన్ వచ్చింది. రెండోదానికి డిస్టింక్ట్ కోసం ఇంకో మెట్టు అదనం. వేగం కోసమని మార్చినది పిసరంత నెమ్మదించింది, పైగా ఒక విద్యార్థిని మింగేసింది.

చేత్తో మార్చడం ఎంత ప్రమాదమో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ పరిశోధకులదే. లోపలి క్వెరీలను యాంత్రికంగా జాయిన్లుగా మార్చే పద్ధతులను వాన్ కిమ్ 1982లో ప్రకటించాడు. ఆ రంగంలో అది పునాది లాంటి పరిశోధన. అందులో ఒక పద్ధతి ఇలా ఉంటుంది. లోపల కౌంట్ (లెక్కింపు) ఉంటే, లోపలి టేబుల్‌ను ముందే గ్రూప్ బై చేసి, అంటే విద్యార్థివారీగా గుంపులు కట్టి, లెక్కలు దాచుకుని, ఆ లెక్కల టేబుల్‌తో బయటిదాన్ని జాయిన్ చేయాలి. చూడటానికి నిక్షేపంగా ఉంది. కానీ ఒక్క రసీదు కూడా లేని విద్యార్థికి గ్రూపే ఉండదు. అతని లెక్క సున్నా అని రాసి ఉన్న వరుస ఎక్కడా లేదు. కాబట్టి "రావలసిన వాయిదాల సంఖ్య, కట్టిన రసీదుల సంఖ్య సమానంగా ఉన్నవాళ్లు" అని అడిగినప్పుడు, పూర్తి రాయితీ వల్ల సున్నా వాయిదాలుండి సున్నా రసీదులున్న విద్యార్థి మాయమైపోతాడు. మూల క్వెరీ అతన్ని చూపిస్తుంది, మార్చినది చూపించదు. దీనికి కౌంట్ బగ్ అనే పేరే స్థిరపడిపోయింది. లెఫ్ట్ జాయిన్ లాంటి అవుటర్ జాయిన్‌తో దాన్ని సరిచేసే దారిని గాన్‌స్కీ, వాంగ్ 1987లో చూపించారు. నిపుణులు కాగితం మీద నిదానంగా చేసిన మార్పులోనే సున్నా జారిపోయింది. సాయంత్రం ఆరింటికి విడుదల తొందరలో మనం చేసే మార్పు సంగతి వేరే చెప్పాలా?

ఆ దారిలో పరిశోధన చాలా దూరం వచ్చింది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ నాయ్‌మన్, అల్ఫోన్స్ కెంపర్ 2015లో బయటి వరుసల మీద ఆధారపడే ఎలాంటి సబ్‌క్వెరీనైనా విడదీయగల పద్ధతిని ప్రకటించారు. డక్‌డీబీ అనే డేటాబేస్ సబ్‌క్వెరీలను ఆ పద్ధతి మీదే విడదీస్తోంది. ఈ పని యంత్రానికి అప్పగించదగినదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కూడికల దగ్గరికి వస్తే నా వాదనకు బలం ఇంకా ఎక్కువ. ట్యూషన్ రసీదులు ఒక టేబుల్‌లో, హాస్టల్ రసీదులు ఇంకో టేబుల్‌లో ఉన్నాయి. ఒక్కో విద్యార్థి దేనికెంత కట్టాడో ఒకే వరుసలో చూపించాలి. ఒక అమ్మాయి ట్యూషన్ కింద పది వేల చొప్పున మూడుసార్లు, హాస్టల్ కింద ఐదు వేల చొప్పున రెండుసార్లు కట్టింది. మూడు టేబుళ్లనూ నేరుగా జాయిన్ చేసి సమ్ అడిగితే మూడు రెళ్లు ఆరు వరుసలు పుడతాయి. ముప్పై వేల ట్యూషన్ అరవై వేలుగా, పది వేల హాస్టల్ ముప్పై వేలుగా తేలుతుంది. మధ్యలో సమ్‌కు డిస్టింక్ట్ పెడితే ట్యూషన్ పది వేలకు, హాస్టల్ ఐదు వేలకు పడిపోతాయి, ఒకే మొత్తం ఉన్న వాయిదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కాబట్టి. ఒక్కో కూడికను దాని సొంత సబ్‌క్వెరీలో విద్యార్థివారీగా పూర్తి చేసి, తర్వాత ఆ రెండు ఫలితాలను విద్యార్థుల టేబుల్‌కు లెఫ్ట్ జాయిన్ చేయడమే సరైన పద్ధతి. ఇక్కడ సబ్‌క్వెరీ, జాయిన్ చేయీచేయీ కలిపి పనిచేస్తాయి. ఫ్రమ్‌లో ఇలా సబ్‌క్వెరీ పెట్టే వీలును 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం ఇచ్చింది. దాన్ని వాడుకోకుండా తప్పు మొత్తాలు నెలల తరబడి అచ్చయిన నివేదికలను నేను నా కళ్లతో చూశాను. అవి ఎవరికీ అనుమానం రానంత సహజంగా కనిపిస్తాయి, అదే నాకు భయం.

సబ్‌క్వెరీని ఇంత వెనకేసుకొస్తున్న నేనే దాని రెండు గుంటలను గురించి చెప్పి తీరాలి. రెండింటిలోనూ నేను పడ్డాను.

మొదటిది నాట్ ఇన్. ఇదే ఫీజు ప్రశ్నకు చాలా ఏళ్ల కిందట, ఇంకోచోట, "రసీదుల్లోని విద్యార్థి నంబర్లలో లేనివాళ్లు" అని నాట్ ఇన్‌తో రాశాను. జవాబు ఖాళీగా వచ్చింది. బకాయి ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. జాబితా అడిగినవాళ్లు అందరూ కట్టేశారని సంతోషించి ఆ మాటే పైకి చెప్పారు. అసలు సంగతి ఫీజు రీయింబర్స్‌మెంటు కింద ప్రభుత్వం నుంచి ఒకేసారి వచ్చిన మొత్తం. దాన్ని కూడా రసీదుల టేబుల్‌లోనే నమోదు చేశారు. అది ఏ ఒక్క విద్యార్థి పేరిటా రాలేదు కాబట్టి విద్యార్థి నంబరు దగ్గర నల్ ఉంది. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ అక్షరమూ కాదు, తెలియదని అర్థం. 214వ నంబరు విద్యార్థి ఆ జాబితాలో లేడా అని అడిగితే, 101 కాదు, 102 కాదు, ఆ తెలియనిది 214 అయి ఉండవచ్చు కదా అంటుంది డేటాబేస్. లేడని ఖాయంగా చెప్పలేదు. వేర్ షరతు ఖాయమైన అవుననే జవాబునే లోపలికి రానిస్తుంది. అలా ఒకే ఒక్క నల్ వందలమందిని జాబితా నుంచి తుడిచేసింది. నాట్ ఎగ్జిస్ట్స్‌కు ఈ జబ్బు లేదు. అది పోలికల తీర్పు అడగదు, వరుస దొరికిందా లేదా అన్నదే చూస్తుంది. అప్పటి నుంచి నా చేతితో సబ్‌క్వెరీకి నాట్ ఇన్ రాయలేదు. ఆ నల్ పీడ వల్లే పోస్ట్‌గ్రెస్ కూడా చాలాకాలం పాటు నాట్ ఇన్‌ను యాంటీ జాయిన్‌గా మార్చకుండా వదిలేసింది.

రెండోది ఇంకా భయంకరం. ప్రవేశాలు రద్దు చేసుకున్నవారి నంబర్లు ఒక తాత్కాలిక టేబుల్‌లో ఉన్నాయి. వాళ్ల రసీదులను తొలగించాలి. విద్యార్థి నంబరు ఫలానా సబ్‌క్వెరీ ఇచ్చే విద్యార్థి నంబర్లలో ఉంటే తొలగించు అని రాశాను. ఆ తాత్కాలిక టేబుల్‌లో ఉన్న కాలమ్ పేరు అడ్మిషన్ నంబరు, విద్యార్థి నంబరు అనే కాలమే అందులో లేదు. తప్పని చెప్పవలసిన డేటాబేస్ చెప్పలేదు. లోపల దొరకని పేరును బయటి టేబుల్‌లో వెతుక్కోవడం ఎస్‌క్యూఎల్ నియమం. బయటి రసీదుల టేబుల్‌లో ఆ పేరు ఉంది. అంటే ప్రతి రసీదునూ "నీ నంబరు నీ నంబరుతో సమానమా?" అని అడిగినట్లయింది. అన్నీ అవునన్నాయి, అన్నీ పోయాయి. మిగిలినవి నల్ ఉన్న ప్రభుత్వ జమలు మాత్రమే. ట్రాన్సాక్షన్ తెరిచి ఉండి, కమిట్ (మార్పును ఖాయం) చేయకముందే సంఖ్య చూశాను కాబట్టి వెనక్కి తిప్పగలిగాను. ఆ పూట చేతులు వణికిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. లోపలి టేబుల్‌కు ఒక అలియాస్ (మారుపేరు) పెట్టి, ప్రతి కాలమ్ ముందూ దాన్ని రాసి ఉంటే క్వెరీ అక్కడికక్కడే ఆగిపోయేది. సబ్‌క్వెరీలో అలియాస్ లేని కాలమ్ కనబడితే సమీక్షలో నేను ఇప్పటికీ ఒప్పుకోను.

లోతు సంగతి కూడా చెప్పాలి. మూడు అంతస్తుల సబ్‌క్వెరీని చదవడం కష్టమే. అది సబ్‌క్వెరీ దోషం కన్నా వరుసక్రమపు ఇబ్బంది అని నా అభిప్రాయం. తెలుగులో విశేషణం ముందొస్తుంది. "బకాయి ఉన్న విద్యార్థులు చదివే బ్రాంచీలు" అన్నప్పుడు లోపలిది ముందు, బయటిది చివర. సెలెక్ట్ దీన్ని తలకిందులు చేసి బ్రాంచీలతో మొదలుపెట్టిస్తుంది. 1999 ప్రమాణంతో వచ్చిన విత్ మన క్రమాన్ని మనకు తిరిగి ఇచ్చింది. ముందు బకాయి ఉన్న విద్యార్థులు ఎవరో పేరు పెట్టి చెప్పుకుని, తర్వాత వాళ్ల బ్రాంచీలకు వెళ్లవచ్చు. మైఎస్‌క్యూఎల్‌కు అది 2018లో 8.0తో వచ్చింది. పోస్ట్‌గ్రెస్ 2019లో 12వ వెర్షన్ వచ్చేదాకా ప్రతి విత్‌నూ విడిగా నడిపి ఫలితం దాచుకునేది, అందువల్ల కొన్నిసార్లు నెమ్మదించేది. ఇప్పుడు ఒక్కసారే వాడిన మామూలు విత్‌ను ప్రధాన క్వెరీలో కలిపేసి చూస్తుంది. ఇంకా పాత వెర్షన్ నడుపుతున్న చోట ఇది గుర్తుంచుకోవాలి.

ఇంత చెప్పాక కూడా, సబ్‌క్వెరీ నిజంగానే నెమ్మదించే చోట్లు ఉంటాయి. సెలెక్ట్ జాబితాలో ఒక్కో వరుసకూ ఒక్కో విలువ తెచ్చే సబ్‌క్వెరీలు నాలుగైదు పేర్చితే, లక్ష వరుసల నివేదికలో అవి ఒక్కోటీ లక్షసార్లు నడిచే వీలుంది. అప్పుడు మార్చండి. ఎక్స్‌ప్లెయిన్ చూసి, మార్చకముందూ మార్చాకా వరుసల సంఖ్య సరిపోల్చుకుని మార్చండి. "వద్దు" అన్న ఒక్క ముక్క చూసి మాత్రం మార్చకండి.

ఆ సమీక్షకుడితో మాట్లాడాను. ఇద్దరు సాయికిరణ్‌ల సంగతి చూపించాక ఆయన తన వ్యాఖ్యను తానే తీసేశారు. కుర్రవాడి మొదటి క్వెరీయే కళాశాలకు వెళ్లింది. మర్నాడు వాళ్ల నుంచి జవాబు వచ్చింది. జాబితా సరిగ్గా ఉందట, ప్రతి విద్యార్థి పక్కనా తల్లిదండ్రుల ఫోను నంబర్లు కూడా కావాలట, ఇద్దరివీ ఉంటే రెండూ. అతను నా దగ్గరికి రాలేదు. నాట్ ఎగ్జిస్ట్స్‌ను ఉన్నచోటే ఉంచి, ఫోను నంబర్ల టేబుల్‌కు ఒక లెఫ్ట్ జాయిన్ రాసి, రెండు నంబర్లున్న పిల్లలు రెండు వరుసల్లో వస్తారని కింద ఒక వ్యాఖ్య పెట్టి పంపాడు.